ప్రకాష్ అడిగిన కంప్రెసర్

తూర్పుపాలెం, వినుకొండ మండలం
20 ఫిబ్రవరి 2026

అమ్మా జెస్సీ,

ముందు నా ప్రశ్నకు జవాబు చెప్పు, వందనాలు తర్వాత. గట్టిగా పలికేదాని పీక నొక్కి, పలకలేనిదాన్ని ఎత్తి పట్టుకుని, రెండూ ఒకటే అని వినేవాళ్ళను నమ్మించే పెట్టె ఒకటుందంటే, దాన్ని దేవుని మందిరంలోకి నీ చేతులతో నువ్వు తెస్తావా? దాన్ని సత్యమంటావా, అబద్ధమంటావా? సైన్సు పంతులమ్మవి, తప్పించుకోకుండా చెప్పు.

ఇప్పుడు వందనాలు. ప్రభువు కృప నీ మీద, నీ హాస్టలు గది మీద ఉండుగాక. మొన్న బుధవారంతో శ్రమదినాలు మొదలయ్యాయి. ఏటా చేసినట్టే నా ఫోను మీ పెద్దమ్మ పాత చీర ముక్కలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టించాను. ఈస్టర్ తెల్లవారేదాకా దాని మొహం చూడను. ఈ నలభై రోజులూ నాతో మాట్లాడాలనుకున్నవాడు కాగితం మీద మాట్లాడాలి. నిరుడు నువ్వేమన్నావు? "పోస్టాఫీసు నీ ఒక్కడి కోసమే బతికుంది పెదనాన్నా" అన్నావు. బతకనీ.

సంగతేమిటంటే, ఆదివారం కూడిక అయ్యాక పాటలవాళ్ళకు ఏం కావాలని పెద్దలు అడిగారు. తబలా ఆయన కొత్త తోలు అడిగాడు. మన ప్రకాష్ లేచి నిలబడ్డాడు. వాడు నా కొడుకే కాబట్టి నాకు తెలుసు, ఇరవై నాలుగేళ్ళొచ్చినా పళ్ళెంలో రెండోసారి కూర అడిగి ఎరగడు. అలాంటివాడు లేచి "కంప్రెసర్ కావాలి" అన్నాడు. నాకు తెలిసిన కంప్రెసర్లు మూడు. ఫ్రిజ్‌లో ఒకటి, పంక్చరు షాపులో గాలి కొట్టేది ఒకటి, క్వారీలో రాయి తొలిచేది ఒకటి. "ఒరేయ్, వీటిలో ఏది బిగిస్తావురా గిటారుకి?" అన్నాను. సంఘమంతా నవ్వింది. వాడు నవ్వలేదు. మొహం చిన్నబుచ్చుకుని కూర్చున్నాడు.

తర్వాత గుచ్చి గుచ్చి అడిగితే ఆ పెట్టె పని ఏమిటో చెప్పాడు. అదే పైన ప్రశ్నలో రాశాను. నువ్వు నెలకోసారి వచ్చి బేస్ గిటారు వాయిస్తావు కాబట్టి, వాడికీ నీకూ పనికొచ్చేది నువ్వే చూసి ఏరాలని పెద్దలు తీర్మానించారు. పాస్టరుగా నేనూ తలూపాను. కానీ నా అనుమానాలు నావి. పదేళ్ళ వయసప్పటి నుంచి ఏ పెట్టే లేకుండా వాయించినవాడికి ఇవాళ పెట్టె ఎందుకు? దావీదు తన సితారాకి ఏ పెట్టె కట్టాడు? ఉత్త వేళ్ళతో మీటితేనే సౌలును పట్టిన దురాత్మ లేచి పారిపోయింది. వీడికి ఆ పేరు ఎవరు నేర్పారు? ఎవరు అమ్ముతారు? ఇంతకాలం అడగనిది ఇప్పుడే ఎందుకు అడిగాడు? దాచాల్సింది ఉన్నవాడికే ఇలాంటివి కావాలమ్మా. ఆకానుకు కూడా గుడారం కావాల్సి వచ్చింది, దొంగిలించిన బంగారం దాని కింద పూడ్చిపెట్టుకోడానికి.

పండుమిరప పచ్చడి రోట్లో ఉందట, వారంలో పంపుతానంది పెద్దమ్మ.

కాపలా దిగని నీ పెదనాన్న,
సాల్మన్


ఒంగోలు
25 ఫిబ్రవరి

పెదనాన్నకి జెస్సీ వందనాలు.

సత్యమనే అంటాను. ఎందుకో విను.

క్రిస్మస్ కూడికలో నువ్వు "ఓ పాపీ!" అని గర్జించినప్పుడల్లా, మిక్సరు దగ్గర కూర్చున్న ప్రసన్నకుమార్ నీ మైకు తగ్గించాడు. సిలువ దగ్గరికి వచ్చేసరికి నీ గొంతు గుసగుస అయింది. అప్పుడు పెంచాడు. చివరి చాప మీద కూర్చున్న ముసలమ్మలకు గర్జనకి చెవులు చిల్లులు పడలేదు, గుసగుస తప్పిపోలేదు. కిందికి దిగాక నువ్వే భుజం తట్టి "మంచి చెయ్యిరా నీది" అన్నావు. కంప్రెసర్ పెడల్ అంటే కాలి దగ్గర పెట్టుకునే, సబ్బుపెట్టెంత ప్రసన్నకుమార్. మనం ఒక గీత గీసి ఇస్తాం. ఆ గీత దాటి మోగితే తగ్గిస్తుంది, తర్వాత మొత్తాన్నీ కాస్త పైకి లేపుతుంది. పల్లం పూడాలి, మెట్ట దిగాలి అని యెషయా మాట పట్టుకుని ప్రతి డిసెంబర్లో బల్ల గుద్దేది నువ్వు కాదూ?

ఏరడం మాత్రం కష్టంగానే ఉంది. గిటారుకని అమ్మే పాతరకం పెట్టెకు వేళ్ళతో తిప్పే మరలు రెండే. ఒకటి మీటు ఎంతసేపు నిలబడాలో చెబుతుంది, రెండోది ఎంత గట్టిగా వినపడాలో. గిటారుకి బాగుంటుంది. నా బేస్ దాంట్లో పెడితే పొట్ట పోయి ఎముకలు మిగులుతాయి. లావు తీగల మోత దాన్ని మింగేస్తుంది, అది బెదిరి అన్నిటినీ అణిచేస్తుంది. బేస్‌కి ఇంకో మర ఉన్నది కావాలి. నొక్కిన మోత ఎంత, నొక్కని పచ్చి మోత ఎంత అని, చారులో నెయ్యి కలుపుకున్నట్టు మనకి కావలసినంత కలుపుకునే మర. మూడోరకం ఒకటుంది, దానికి వరసగా చిన్న ఎర్ర దీపాలుంటాయి. ఎంత అణుస్తోందో కంటికి చూపిస్తుంది. నా ఓటు దానికి. నీలాంటి అనుమానపు మనుషుల కోసమే చేసినట్టున్నారు.

ప్రకాష్‌కి ఫోన్ చేస్తే రెండు మరలదే కావాలంటాడు, అదీ చివరిదాకా తిప్పి. "అంత ఎందుకురా? వేళ్ళలో ప్రాణముండదు అలా వాయిస్తే" అన్నాను. "సన్నగా మీటినా గట్టిగా మీటినా ఒక్కలాగే రావాలక్కా" అని పెట్టేశాడు.

చెవితో వినకుండా కొనను. 7వ తారీకు శనివారం వాణ్ని గుంటూరు రమ్మన్నాను. నరసరావుపేట నుంచి ప్రసన్నకుమార్ కూడా వస్తానన్నాడు, షాపువాళ్ళు తెలుసట.

పచ్చడి సీసాకి మూత గట్టిగా బిగించమను. పోయినసారి నా రికార్డు పుస్తకాలన్నీ తిన్నాయి.

నీ
జెస్సీ


తూర్పుపాలెం
4 మార్చి

జెస్సీకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో ప్రసన్నకుమార్ పేరు మూడుసార్లుంది. ప్రభువు పేరు ఒక్కసారీ లేదు. లెక్క నేను చెప్పడం లేదు, నీ చేతిరాతే చెబుతోంది. నరసరావుపేటవాడికి గుంటూరులో పనేంటి? ఒక్క పెట్టె కొనడానికి ముగ్గురు మనుషులా? మోషే వేగులవాళ్ళను పంపినప్పుడు కూడా తిరిగొచ్చి నిజం చెప్పింది ఇద్దరే. తండ్రి లేని పిల్లవి, నీ కోసం నేను దేవుడికి జవాబు చెప్పాలి. మనసులో ఏమన్నా ఉంటే తిన్నగా చెప్పు, సంఘం పేరు చెప్పి షాపుల చుట్టూ తిరగొద్దు.

ఇంకో అనుమానం. ఇది బరువైంది. మన ప్రకాష్ మారిపోయాడు. ఎండ మాడుతోంది, కళ్లంలో మిరపకాయలు చిటపటమంటున్నాయి, వీడు మణికట్టుదాకా గుండీలు పెట్టి ఫుల్ చేతుల చొక్కా వేస్తాడు. మడవమంటే మడవడు. లోపల పచ్చబొట్టు ఏదైనా పొడిపించుకున్నాడేమోనని నా భయం. అన్నం స్పూనుతో తింటున్నాడు. "ఏరా, దొరల ఇంట పుట్టావా? ముద్ద కలపడం మర్చిపోయావా?" అన్నాను. మీ పెద్దమ్మ ప్రేమమ్మ వాణ్ని వెనకేసుకొచ్చింది, "తిననీ, ఎలా తింటే నీకేం" అని. చిలకలూరిపేటలో కొత్తగా పెట్టిన ఒక పెద్ద మందిరంవాళ్ళు మంచి గిటారువాళ్ళను ఏరుకుంటున్నారని విన్నాను. అక్కడ రంగు దీపాలు, పొగ మిషన్లు. ఫుల్ చేతుల చొక్కా, స్పూను, పెట్టె. మూడూ కలిపి చూడు. వీడు వెళ్ళిపోడానికి మూట కట్టుకుంటున్నాడు. నాకు అర్థమైపోయింది.

పోయిన ఆదివారం గేహజీ మీద చెప్పాను. గురువుకు తెలియకుండా కానుకలు దాచి, కుష్ఠుతో మంచులా తెల్లబడి బయటికి నడిచిన గేహజీ. "కుష్ఠు అంటే మనిషి దాచిన పాపం కింద దేవుడు వాడి ఒంటి మీదే పెట్టిన సంతకం" అన్నాను. సంఘం ఆమేన్ అని కప్పు లేపింది. వీడు సగంలో లేచి బయటికి పోయాడు. గుచ్చుకుంది, నాకు తెలుసు. దాచేవాడికే గుచ్చుకుంటుంది.

గుంటూరులో వాడేం చేస్తాడో కళ్ళు తెరుచుకుని చూసి రాయి.

నిద్రలో కూడా లెక్క అప్పజెప్పాల్సిన నీ పెదనాన్న,
సాల్మన్


ఒంగోలు
9 మార్చి

పెదనాన్నా,

ప్రసన్నకుమార్‌కి మే నెలలో పెళ్ళి. పిల్ల నూజెండ్లలో టీచరు. శుభలేఖ నీకే మొదట ఇవ్వాలని ఫోను చేస్తూనే ఉన్నాడట, నీ ఫోను చీర కట్టుకుని ట్రంకులో పడుకుంది. ఇంకేమైనా అడుగుతావా?

నేను కోపంగానే రాస్తున్నాను, అలాగే చదువు. నా తండ్రి పోయాక నువ్వే తండ్రివి. అందుకని నన్ను పోలీసులా చూడొద్దు.

సరే, శనివారం సంగతి. షాపులో మూడు పెట్టెలూ వరసగా పెట్టించి వాయించాం. ముందు నేను. బొటనవేలితో లావు తీగ కొట్టగానే దీపాలు నాలుగు వెలిగాయి, అంటే నా చేతికి అంత అణచడం అవసరమన్నమాట. సిగ్గేసింది. పచ్చి మోత సగం, నొక్కిన మోత సగం కలిపితే బేస్ నేల మీద బోర్లా పడుకున్నట్టు నిండుగా వచ్చింది. నాకైతే అదే అని తేల్చేశాను.

తర్వాత ప్రకాష్ వాయించాడు. ఒక్క దీపం వెలగలేదు. షాపాయన తీగ ఊడిందేమోనని వెనకాల చూశాడు. ఏం ఊడలేదు. వాడి మీటు గీత దాకా రావడంలేదు, అణచడానికి అక్కడ ఏమీ లేదు. గీతను బాగా కిందికి దించితే ఒక్కటి మిణుకుమంది. తీగలు మీటే పిక్ మూడుసార్లు వేళ్ళలోంచి జారి పడింది. మూడోసారి వంగి వెతుక్కుంటుంటే షాపాయన నవ్వాడు, "బాబూ, కొత్తగా నేర్చుకుంటున్నావా?" అని. పద్నాలుగేళ్ళుగా వాయిస్తున్నవాణ్ని! నాకు ఒళ్ళు మండింది. బయటికి తీసుకొచ్చి "ప్రాక్టీసు మానేశావు కదరా? పెట్టె పెట్టి కప్పెట్టుకుందామనా?" అని వాయించాను. నీ అనుమానం నాకూ అంటింది చూశావా. వాడు "దీపాలున్నది వద్దక్కా. రెండు మరలది తీసుకో. నాన్నకేం చెప్పకు" అన్నాడు. అంతే. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

చిలకలూరిపేట మందిరం మాట అడిగాను. ఆ పేరే వినలేదట. నిజమే చెప్పాడు, నాకు తెలుస్తుంది. కానీ ఏదో ఉంది. చెప్పొద్దన్నది నీకు చెప్పేశాను కాబట్టి వాడి మీద అరవొద్దు. ప్రాక్టీసుకి రోజూ ఒక గంట కూర్చోబెట్టు చాలు.

నాకు దీపాలది, వాడికి రెండు మరలది తీసుకున్నాం. వాడి పెట్టె వాడితోనే పంపాను. 16 నుంచి పదో తరగతి పరీక్షల డ్యూటీ. గేటు దగ్గరే ఫోన్లు బుట్టలో వేయించుకుంటారు, కాబట్టి మధ్యాహ్నందాకా నేనూ నీలాగే శ్రమదినాల్లో ఉంటాను.

జెస్సీ


తూర్పుపాలెం
16 మార్చి

అమ్మా జెస్సీ,

నూజెండ్ల పిల్ల మంచిదేనట, విచారించాను. ప్రసన్నకుమార్ విషయంలో నాది తప్పు. రాసిచ్చాను, దాచుకో.

కానీ ప్రకాష్ విషయంలో మనిద్దరం పొరబడ్డాం. దేవుడు నా నోరు మూయించాడు! విను.

నెల రోజులుగా మిరప కోతలు. నీకు తెలుసుగా, నాలుగు రోజులు కోశాక మనిషి చేతులు మనిషివి కావు. పెద్దమ్మ మజ్జిగలో చేతులు ముంచుకుని కూర్చుంటుంది, నేను నూనె రాసుకుని విసురుకుంటాను. ప్రకాష్ కుడిచేతికి మాత్రం మంట లేదు. ఎడమ చెయ్యి మండుతుంది, కుడిది మండదు. గిటారు మీటే చెయ్యి! ముందు నేను నమ్మలేదు. పోయిన గురువారం కళ్లంలో మూడు రాళ్ళ పొయ్యి మీద అన్నం పొంగుతుంటే, వీడు గుడ్డ లేకుండా ఆ చేత్తోనే గిన్నె పట్టుకుని దించాడు. పెద్దమ్మ కేక పెట్టేదాకా వాడికి తెలియదు. తర్వాత వేళ్ళ మీద పొక్కులు లేచాయి గానీ నొప్పి లేదంటాడు. నేను కాయల మీదే మోకాళ్ళూనాను. అగ్నిగుండంలో ముగ్గురు యువకుల వెంట్రుక కాలలేదు. దేవుడు తనకోసం ప్రత్యేకించుకున్న చేతిని కారం తాకదు, నిప్పు కుట్టదు. వాడు దాచింది ఇదీ! పచ్చబొట్టు కాదు, స్పూను దొరతనం కాదు. ఆ చేతిని కూటికి కూడా వాడకుండా దేవుడికే పక్కన పెట్టుకున్నాడు పిచ్చి సన్నాసి.

నిన్న ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పాను. పక్క ఊరి నుంచి సుబ్బరావమ్మ మోకాళ్ళ నొప్పులతో వచ్చి, వాడి చెయ్యి తన తల మీద పెట్టించుకుంది. ఇంకా వస్తామన్నారు. మంచి శుక్రవారం రోజు నాలుగు ఊళ్ళ వాళ్ళ ముందు వాడిని నిలబెడతాను.

ఒక్కటే అర్థం కావడం లేదు. వాడికి సంతోషం లేదు. "నాన్నా, వద్దు" అంటాడు. అది వినయమో, ఇంకేదైనా ఉందో. అద్భుతం పొందినవాడు మొహం దాచుకుంటాడా? నువ్వు అక్కవి, ఒకసారి నిలదీసి అడుగు.

ఈ వారం ప్రసంగం మోషే మీద సణిగి కుష్ఠు తెచ్చుకున్న మిర్యాము మీద.

ఆశ్చర్యంలో ఉన్న నీ పెదనాన్న,
సాల్మన్


ఒంగోలు
20 మార్చి

పెదనాన్నా,

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. వినుకొండ బస్సు కండక్టరు అల్లాబక్షు మనకు తెలిసినవాడే, నీ చేతికే ఇవ్వమని ఒట్టు వేయించుకున్నాను. ఒంటరిగా చదువు. కూర్చుని చదువు.

నా గదిలో ఉండే కరీమున్ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో పని చేస్తుందని చెప్పాను కదా. నీ ఉత్తరాలు నేను పైకి చదువుతుంటే నవ్వుకోవడం దానికి అలవాటు. నిన్న నవ్వలేదు.

"ఆగు, ఆగు. మళ్ళీ చదువు. పొయ్యి మీద గిన్నె ఉత్త చేత్తో దించాడా?"

"మా పెదనాన్న అద్భుతమంటున్నాడు" అన్నాను.

"అద్భుతమా, నీ తలకాయా! మిరపకారం తెలియని చెయ్యి ఎక్కడైనా ఉంటుందే? ఫుల్ చేతుల చొక్కా అన్నావు, ఎప్పటి నుంచి? ముద్ద కలపలేడు, పిక్ పట్టలేడు, అవునా కాదా? ఆ మోచేతి కింద తెల్లటి మచ్చ ఉందేమో అడుగు ముందు."

ప్రకాష్‌కి ఫోన్ చేశాను. మచ్చ ఉందారా అని అడిగాను. "నీకెవరు చెప్పారక్కా?" అన్నాడు.

పెదనాన్నా, అది కుష్ఠు కావచ్చు. మచ్చ నిరుడు వానల్లో వచ్చింది. గజ్జి మందు రాసుకున్నాడు. నవంబరు నుంచి చిటికెనవేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కి, బలం పోతూ వచ్చింది. వాడు గట్టిగా మీటుతున్నాననుకున్నది తీగ మీద ఆగడం లేదు. ఆ సంగతి నీ చెవిన పడకూడదనే ఆ పెట్టె. నేను ఏరి, కొని, వాడి చేతిలో పెట్టిన పెట్టె. వాడి జబ్బు మీద మూత నేనే బిగించాను.

డాక్టరు దగ్గరికి ఎందుకు పోలేదురా అంటే ఏమన్నాడో తెలుసా? "ఒంటి మీద దేవుడి సంతకం ఉన్నవాడు ఏ మొహం పెట్టుకుని పోతాడక్కా? ఊళ్ళో తెలిస్తే నాన్న మళ్ళీ బల్ల దగ్గర నిలబడగలడా?" అన్నాడు.

ఇది పాపం కాదు, పురుగు. సూక్ష్మక్రిమి. మందు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం, ఆరు నెలలో, ఏడాదో మింగాలి. మందు మొదలుపెట్టాక పక్కవాళ్ళకు అంటుకునే భయం కూడా పోతుంది. పెళ్ళి చేసుకోవచ్చు, గిటారు వాయించవచ్చు. కానీ నరం చచ్చుబడితే మాత్రం వేరే మందు వెంటనే పడాలి. బలం తగ్గడం మొదలై ఆరు నెలలు దాటితే వేళ్ళు కొంకర్లు పోయి అలాగే ఉండిపోవచ్చని కరీమున్ అంటోంది. నవంబరు నుంచి లెక్క నువ్వే వేసుకో.

నమ్మకపోతే ఒక పరీక్ష చెప్పింది. పత్తి పింజ తీసుకో. వాణ్ని కళ్ళు మూసుకోమను. ఎడమచేతి మీద, కుడిచేతి మీద మెల్లగా తాకించి, తాకినప్పుడల్లా చెప్పమను. అంతే.

నేను వస్తే సంఘమంతా చుట్టూ చేరుతుంది, వాడు ఊరొదిలి పోతానంటున్నాడు. అందుకే రాస్తున్నాను. చెప్పనని వాడికి మాటిచ్చి తప్పుతున్నాను. నువ్వు అరవకుండా, ప్రసంగించకుండా, వాడిని బస్సెక్కించి తీసుకురా. నేనూ కరీమున్ ఇక్కడ ఆసుపత్రి దగ్గర ఉంటాం.

నీ కూతురు
జెస్సీ


ఒంగోలు, మీ పరీక్షల బడి గేటు బయట
23 మార్చి, సోమవారం, ఉదయం పదకొండు

జెస్సీ తల్లీ,

నేను నీకు నలభై అడుగుల దూరంలో అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. పోలీసు లోపలికి వదలడం లేదు. "అయ్యా, కూతురితో ప్రాణం మీది మాట" అంటే "పరీక్ష అయ్యేదాకా ఎవరి ప్రాణమైనా బయటే" అన్నాడు. ట్రంకు తెరిచి ఫోను తీశాను. నీకు చేస్తే బుట్టలో మోగుతోంది. ప్రకాష్‌ది ఆపేసి ఉంది. ఈ కాగితం గేటు దగ్గరి ఆయాకి ఇచ్చి పోతున్నాను.

వాడు వెళ్ళిపోయాడు. ఎందుకు పోయాడో చెబుతాను, నన్ను కాయకుండా చెబుతాను.

నీ ఉత్తరం శుక్రవారం సాయంత్రమే అందింది. చదివి నమ్మలేదు. దేవుడు చేసినదాన్ని పాడు చేయడానికి నిన్ను ఎవరో ఎగదోశారనుకున్నాను, కరీమున్‌ను కూడా అనుమానించాను. శనివారమంతా ఉత్తరం బైబిల్లో పెట్టుకుని తిరిగాను. ఆదివారం పొద్దున కళ్లంలో వాడిని కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నాను. పత్తి పింజ ఎడమ చేతికి తాకించాను. "ఆఁ" అన్నాడు. కుడిచేతి చిటికెనవేలికి తాకించాను. మణికట్టు పక్కన తాకించాను. చొక్కా పైకి లాగి మచ్చ మీద తాకించాను. వాడు కళ్ళు మూసుకుని, చిన్నప్పుడు మందు వేయించుకునేటప్పటిలా నోరు బిగించుకుని కూర్చున్నాడు. కాసేపటికి "ఎప్పుడు తాకిస్తావు నాన్నా?" అన్నాడు.

అప్పటికి మూడుసార్లు తాకించాను తల్లీ.

గిటారు తెచ్చి పెట్టె ఆపేసి వాయించమన్నాను. ఒక తీగ పలికితే రెండు పలకలేదు. నాలుగు నెలలుగా నా కొడుకు చెయ్యి అలా ఉందని, నా ఊళ్ళో, నా మందిరంలో, నాకే తెలియలేదు. మూల మూలనా అబద్ధం వెతికాను. వాణ్ని నాకు అబద్ధమాడేలా చేసింది నా నోరేనని వెతకలేదు.

ఇక్కడిదాకా నన్ను క్షమించగలవేమో. దీని తర్వాతది విను. నేను వాడితో ఏమన్నానంటే, "పండగ అయ్యేదాకా ఆగుదాంరా. నాలుగు ఊళ్ళకు చెప్పేశాను. ఈస్టర్ వెళ్ళాక ఎవరికీ తెలియకుండా దూరపు ఆసుపత్రికి పోదాం" అన్నాను. నేను! "ఇదే అనుకూల సమయం, రేపు నీది కాదు" అని ముప్ఫై ఏళ్ళుగా మైకు పగిలేలా అరిచినవాణ్ని. ఆ పూట కూడికకి సుబ్బరావమ్మ మళ్ళీ వచ్చింది. చెయ్యి పెట్టమంది. వాడు నా వైపు చూశాడు. నేను తల తిప్పుకున్నాను. వాడు పెట్టాడు.

ఈ తెల్లవారి మొదటి బస్సుకి పోయాడు. చీటీ రాసిపెట్టాడు. సింగరాయకొండలో స్నేహితుడున్నాడట, స్టేషన్ దగ్గర టీ కొట్టు. మధ్యాహ్నం మూడు దాటాక బండెక్కి చెన్నైలో పని చూసుకుంటాడట. "నా చెయ్యి గురించి ఇంక ఎక్కడా సాక్ష్యం చెప్పొద్దు నాన్నా" అని చివరి మాట. అక్షరాలు గొలుసులా కిందికి జారిపోయి ఉన్నాయి. మీ పెద్దమ్మ ఆ చీటీ పట్టుకుని "నువ్వు ప్రసంగ పీఠం ఎక్కింది చాలు, బస్సెక్కు" అంది. పెళ్ళయ్యాక మొదటిసారి నన్ను గసిరింది.

బస్సెక్కే ముందు ఒక పని చేశాను. కళ్లంలో కాయలు ఏరేవాళ్ళు ముప్ఫైమంది ఉన్నారు. వాళ్ళ ముందు నిలబడి చెప్పాను. "మా ప్రకాష్ చెయ్యి అద్భుతం కాదు, జబ్బు. దానికి మందుంది. నేను తెలియక ఒక వారం అబద్ధం చెప్పాను, తెలిసి ఒక రోజు దాచాను. కుష్ఠు దేవుడి సంతకమన్న నా మాట ఎవరి చెవిలో ఉన్నా తీసి పారేయండి. యేసు అలాంటివాణ్ని చూసి తప్పుకోలేదు, ముట్టుకున్నాడు. మీలో ఎవరికైనా తిమ్మిరి ఉన్నా, మచ్చ ఉన్నా ఇవాళే ఆసుపత్రికి పొండి" అన్నాను. ఎవరూ ఆమేన్ అనలేదు. ఒక ఆడమనిషి మాత్రం తన మోచెయ్యి తిప్పి చూసుకుంది.

వాడికి ఈ సంగతి తెలియదు. ఊళ్ళో దాచాల్సింది ఇంకేమీ మిగల్లేదని వాడికి తెలియాలి. నేను ఇప్పుడు సింగరాయకొండ బస్సెక్కుతున్నాను. స్టేషను బయట నిలబడతాను. కానీ నన్ను చూస్తే వాడు ఇంకో వైపు నడుస్తాడు, ఆ హక్కు వాడికిచ్చింది నేనే. నిన్ను చూస్తే ఆగుతాడు.

సాల్మన్

పన్నెండూ ముప్పావుకి గంట కొడతారట. పేపర్లు అప్పజెప్పి, బుట్టలోంచి ఫోను తీసుకో. కరీమున్‌ను ఆసుపత్రిలో చీటీ రాయించి డాక్టరుని ఆపి ఉంచమను. నువ్వు అన్నానికి కూడా ఆగకు, ఆటో పట్టుకో, సింగరాయకొండ స్టేషన్‌కి వచ్చెయ్. పండగ తర్వాత కాదు, రేపు కాదు. ఇవాళే, తల్లీ, బండి రాకముందే రా.